19 మి.మీ. కృత్రిమ వాల్వు శరీరానికి చాలకపోతే రెండవ శస్త్రచికిత్సలో ఏ దారులున్నాయి?

గోదావరి_గట్టు:
సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలికి పదిహేడవ ఏట కీళ్లవాతపు జ్వరం వల్ల పాడైన బృహద్ధమని వాల్వును తీసివేసి, 19 మి.మీ. మెకానికల్ వాల్వు, రెండు రెక్కలది, అమర్చారు. అప్పుడు ఆమె బరువు 41 కిలోలు. ఇప్పుడామె వయసు 36, ఎత్తు 158 సెం.మీ., బరువు 62 కిలోలు. ఇద్దరు పిల్లలు. ఏడాదిగా మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, ఒకసారి వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. తాజా ఎకోలో వాల్వు మీది సగటు గ్రేడియంట్, అంటే వాల్వుకు ఇరువైపులా పీడనంలో తేడా, 44 అని, రక్తం పోయే దారి వైశాల్యం 0.85 చదరపు సెం.మీ. అని రాశారు. ఒక ఆసుపత్రిలో పాత వాల్వు తీసి, అదే 19 సైజులో రక్తాన్ని మెరుగ్గా వదిలే కొత్త రకం పెడితే సరిపోతుందన్నారు. మరో ఆసుపత్రిలో బృహద్ధమని మొదలును వెడల్పు చేసి 23 పెట్టాలన్నారు. బంధువులేమో ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా వాల్వు పెడుతున్నారు కదా, అది చేయించండి అంటున్నారు. ఈ మూడింటిలో ఏది ఎందుకు మంచిదో, ఏది ఎందుకు కుదరదో తెలిసినవారు వివరిస్తే మేము వైద్యులను సరైన ప్రశ్నలు అడగగలుగుతాము.

శస్త్రవైద్యుడు_విశాఖ:
మూడవదాని సంగతి ముందు తేల్చేద్దాం. తొడ గుండా పెట్టే వాల్వును, అంటే టావీని, జంతు కణజాలంతో చేసిన పాత టిష్యూ వాల్వు లోపల అమర్చవచ్చు, ఎందుకంటే దాని మెత్తటి రెక్కలు పక్కకు ఒత్తుకుపోతాయి. మెకానికల్ వాల్వులోని గట్టి కార్బన్ రెక్కలు అలా ఒత్తుకుపోవు. కాబట్టి మీ చెల్లెలి విషయంలో ఆ దారి లేదు, దాని కోసం ఊళ్లు తిరగవలసిన పని లేదు.

ఇక అసలు విషయం. వాల్వు చక్కగా పనిచేస్తూనే, ఆ మనిషి శరీరం కోరే రక్తాన్ని పంపడానికి దాని రంధ్రం చాలకపోవడాన్ని రోగికీ వాల్వుకూ పొత్తు కుదరకపోవడంగా రహీమ్‌తూలా అనే హృద్రోగ నిపుణుడు 1978లో మొదట వర్ణించారు. దీనిని కొలవడానికి రక్తం పోయే దారి వైశాల్యాన్ని శరీర ఉపరితల వైశాల్యంతో భాగిస్తాము. బృహద్ధమని స్థానంలో ఆ ఫలితం 0.85 కంటే ఎక్కువగా ఉంటే చింత లేదు, 0.85 నుంచి 0.65 వరకు మధ్యస్థం, 0.65 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే తీవ్రం. బాడీ మాస్ ఇండెక్స్ 30, ఆపైన ఉన్న స్థూలకాయులకు ఈ హద్దులు 0.70, 0.55కు దిగుతాయి. మీ చెల్లెలి ఉపరితల వైశాల్యం సుమారు 1.65 చదరపు మీటర్లు. 0.85ను దానితో భాగిస్తే 0.52 వస్తుంది.

అయితే ఆ 0.52 మొత్తం పొత్తు కుదరకపోవడం వల్లనే వచ్చిందని ఇప్పుడే అనుకోకండి. మొదటి ఆపరేషన్ తరువాత తీసిన ఎకో రిపోర్టు మీ దగ్గర ఉందా?

ఎకో_గది:
డాక్టరు గారు అడిగిన ఆ పాత కాగితమే ఇక్కడ కీలకం. నేను హైదరాబాదులో చాలాకాలం ఎకో విభాగంలో పనిచేశాను. గ్రేడియంట్ ఎక్కువ అన్న ఒక్క మాట పట్టుకుని వాల్వు చిన్నదని తీర్పు చెప్పడం సరికాదు. మొదటి నుంచీ గ్రేడియంట్ ఇంతే ఉంటే అది సైజు సమస్య. మొదట తక్కువగా ఉండి తరువాత పెరిగితే వాల్వుకు కొత్తగా ఏదో అడ్డం పడింది. గడ్డకట్టిన రక్తం రెక్కను పట్టివేసి ఉండవచ్చు, లేదా కుట్ల చుట్టూ పెరిగే మచ్చ కణజాలం, అంటే పానస్, దారిని ఇరుకు చేసి ఉండవచ్చు.

రిపోర్టులో డీవీఐ అనే సంఖ్య ఉందేమో చూడండి. వాల్వుకు దిగువన, అంటే జఠరిక వైపు, రక్తం వేగాన్ని వాల్వు గుండా పోయే వేగంతో భాగిస్తే అది వస్తుంది. బృహద్ధమని స్థానంలో 0.30, అంతకు మించి ఉంటే వాల్వు తెరుచుకుంటోందని నమ్మవచ్చు, 0.25 కంటే తక్కువైతే అడ్డం ఉన్నట్టే. అలాగే రక్తప్రవాహం గరిష్ఠ వేగానికి చేరడానికి పట్టే సమయం 100 మిల్లీ సెకన్లు దాటితే అనుమానించాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ సంఖ్యలు కూడా పెట్టండి. రక్తహీనత ఉంటే గుండె ఎక్కువ రక్తాన్ని వేగంగా తోస్తుంది, దానితో గ్రేడియంట్ ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడుతుంది. మన ఆడపిల్లల్లో ఈ కారణం తరచుగా కనిపిస్తుంది, అందులోనూ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్ మాత్రలు వాడే వారికి నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంది.

గోదావరి_గట్టు:
పాత ఫైలు అమ్మ బీరువాలో దొరికింది. మొదటి ఆపరేషన్ తరువాతి ఎకోలో సగటు గ్రేడియంట్ 24, వైశాల్యం 1.05, డీవీఐ 0.35. ఇప్పటి డీవీఐ 0.28, సమయం 105 మిల్లీ సెకన్లు. హిమోగ్లోబిన్ 9.1. థైరాయిడ్ సరిగానే ఉంది.

ఎకో_గది:
అయితే మీ ఇంట్లో రెండు సమస్యలు కలిసి ఉన్నాయి. 17 ఏళ్ల వయసులో ఆమె ఉపరితల వైశాల్యం దాదాపు 1.33 అనుకుంటే, 1.05ను దానితో భాగించగా 0.79 వస్తుంది, అది మధ్యస్థమే. అదే 1.05 మీద ఇప్పటి శరీరానికి లెక్కిస్తే 0.64, అంటే వాల్వు ఏమాత్రం చెడకపోయినా ఇప్పటికే తీవ్రం హద్దు లోపలికి వచ్చేసింది. ఆపైన వైశాల్యం 1.05 నుంచి 0.85కు తగ్గింది. ఈ తగ్గుదల సైజు వల్ల రాదు. సినీ ఫ్లోరోస్కోపీ, అంటే కదలికలను చూపే ఎక్స్-రే, చేయించి రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి, తరువాత గుండె స్పందనతో జతపరిచిన సీటీ తీయించాలి.

మెకానికల్ వాల్వులున్న ఇతర సభ్యులకు ఒక మాట. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన ఒంటి పలక వాల్వులో ఆ పలక పాలిథిలిన్‌తో చేసినది కాబట్టి ఎక్స్-రే కింద స్పష్టంగా కనబడదు. అది ఉన్నవారికి ఫ్లోరోస్కోపీ కన్నా అన్నవాహిక గుండా తీసే ఎకోనే ఎక్కువ ఉపయోగపడుతుంది.

సింహపురి_సీమ:
మా నాన్నగారి కథ వేరు గానీ ఇక్కడ పనికివస్తుందని రాస్తున్నాను. ఆయనకు అరవై దాటాక 21 మి.మీ. టిష్యూ వాల్వు పెట్టారు. అది అరిగిపోయాక, వయసు దృష్ట్యా మళ్లీ ఛాతీ తెరవకుండా పాత వాల్వు లోపల కొత్తది టావీ పద్ధతిలో పెట్టారు. చిన్న వాల్వులో మరొకటి దూరిస్తే దారి ఇంకా ఇరుకు కాదా అని అడిగితే, అధిక పీడనంతో బెలూన్ ఉబ్బించి పాత వాల్వు చట్రాన్ని పగులగొడతామన్నారు. ఆ మాట వినగానే మాకు చెమటలు పట్టాయి. కానీ అది పద్ధతి ప్రకారం చేసేదేనట. ఇప్పుడు ఆయన రోజూ గుడి దాకా నడిచి వస్తున్నారు.

శస్త్రవైద్యుడు_విశాఖ:
సింహపురి గారు చెప్పినది నిజమే, అయితే అన్ని టిష్యూ వాల్వుల చట్రాలూ పగలవు. ప్రయోగశాల పరీక్షల్లో మాగ్నా, మొజాయిక్ వంటివి పగిలాయి, హాన్‌కాక్ 2, ట్రైఫెక్టా పగలలేదు. అందుకే మొదటి ఆపరేషన్ నాడే ఏ కంపెనీ వాల్వు పెట్టారన్నది ఇరవై ఏళ్ల తరువాతి చికిత్సను నిర్ణయిస్తుంది. లోపల పెట్టిన కొత్త వాల్వు ఎంత తెరుచుకున్నా పాత దాని చట్రం అక్కడే ఉంటుంది. పాత వాల్వు సైజు 21, అంతకన్నా చిన్నది అయినవారిలో ఈ పద్ధతి ఫలితాలు పెద్ద సైజుల వారికన్నా బలహీనంగా ఉన్నాయని అంతర్జాతీయ నమోదులు 2014 నాటికే చూపించాయి. వయసు మీరిన వారికి అది ఒప్పుకోదగిన రాజీ. ముప్పైల్లో ఉన్నవారికి కాదు.

ఇప్పుడు గోదావరి గారి రెండు ఆసుపత్రుల అభిప్రాయాల దగ్గరకు వద్దాం. పాత 19 తీసి కొత్త 19 పెట్టడంలో కొంత సమంజసం ఉంది. వాల్వు మీద ముద్రించిన సైజు ఒకటే అయినా అందరి తయారీ ఒకటి కాదు. కుట్టే వలయాన్ని పలుచన చేసి, రంధ్రాన్ని పెంచి, గుండెలో వాల్వును అమర్చే సహజ వలయానికి పైన కూర్చునేలా చేసిన తరువాతి తరం వాల్వులు అదే 19లో పాతవాటికన్నా గణనీయంగా ఎక్కువ దారి ఇస్తాయి. కుట్లు లేకుండా అమర్చే టిష్యూ వాల్వులు కూడా కొంత మేలు. పానస్‌ను శుభ్రంగా తొలగిస్తే మరికొంత దారి తెరుచుకుంటుంది. అయినా ద్వారబంధం ఇరుకైనప్పుడు తలుపు మార్చి ఎంతని లాభం? మరో ముప్పై, నలభై ఏళ్లు బతకవలసిన మనిషికి, మళ్లీ ఛాతీ తెరిచే అవకాశం వచ్చినప్పుడు, ఆ వలయాన్నే వెడల్పు చేయడం మంచిదని నా అభిప్రాయం.

వెడల్పు చేయడంలో పద్ధతులు చాలా ఉన్నాయి. బృహద్ధమని మొదట్లో మూడు జేబుల వంటి ఉబ్బులుంటాయి. వాటిలో రెండింటి నుంచి గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనులు పుడతాయి, మూడవదాని నుంచి ఏదీ పుట్టదు. ఆ మూడవ జేబు మధ్యగా కోత కిందికి దింపి, మాసిక వేసి వెడల్పు చేసే పద్ధతిని నిక్స్ 1970లో వివరించారు. దానితో సాధారణంగా ఒక సైజు పెరుగుతుంది. 1979లో మనూగియన్ వివరించిన పద్ధతిలో కోత ఎడమ జేబుకూ ఈ మూడవ జేబుకూ నడుమ దిగి, ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్యనుండే మైట్రల్ వాల్వు ముందు రెక్క లోపలికి వెళుతుంది. ఇందులో ఇంకొంత ఎక్కువ పెరుగుతుంది గానీ మైట్రల్ వాల్వు కారకుండా చూసుకోవాలి. ఇవి రెండూ వెనుక వైపు నుంచి చేసేవి. ముందు వైపు నుంచి, రెండు జఠరికల మధ్య గోడను చీల్చి వెడల్పు చేసేది కోన్నో పద్ధతి, 1975 నాటిది. దానితో చాలా వెడల్పు వస్తుంది, కానీ గుండె స్పందనలను నడిపే నాడీమార్గానికి దెబ్బతగిలే ప్రమాదముంది కాబట్టి, వాల్వు కింద సొరంగంలా ఇరుకైన పిల్లల్లో తప్ప పెద్దవారిలో అరుదుగా చేస్తాము. మొదలు మొత్తాన్ని తీసి వాల్వు కుట్టిన గొట్టం పెట్టి, కరోనరీలను దానికి తిరిగి అతికించే బెంటాల్ ఆపరేషన్ ఉంది, అయితే వలయం ఇరుకే సమస్య అయినప్పుడు అది ఒక్కటే చాలదు. ఎడమ జఠరిక కొన నుంచి దిగువ బృహద్ధమనికి పక్కదారి గొట్టం వేయడం కూడా ఉంది. మరే దారీ లేనివారికే అది.

డెట్రాయిట్_తెలుగు:
డాక్టరు గారి జాబితాకు ఒకటి చేర్చాలి. మేముండే మిషిగన్ రాష్ట్రంలోనే, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో బో యాంగ్ అనే శస్త్రవైద్యుడు 2020లో వై ఆకారపు కోతతో వెడల్పు చేసే పద్ధతిని మొదలుపెట్టారు. కోత ఎడమ జేబుకూ కరోనరీ లేని జేబుకూ నడుమ దిగి, వలయం కిందికి రాగానే ఇరువైపులా చీలి రెండు గట్టి పీచు ముడుల వైపు సాగుతుంది. మైట్రల్ రెక్కను కోయరు, ఎడమ కర్ణికను తెరవరు. అక్కడ దీర్ఘచతురస్రాకారపు మాసిక వేసి మూడు, నాలుగు సైజులు పెద్ద వాల్వు పెట్టగలుగుతున్నారు. 19 పట్టే చోట 25, 27 పెట్టగలిగితే, తరువాత ఎప్పుడైనా టిష్యూ వాల్వు అరిగినా దానిలో టావీ హాయిగా కూర్చుంటుంది. గోదావరి గారు ఇది చేసే చోటునే వెతకాలని నా సలహా.

పంపు_మనిషి:
నేను గుండె-ఊపిరితిత్తుల యంత్రం నడిపే పెర్‌ఫ్యూజనిస్టును. డెట్రాయిట్ గారి ఉత్సాహాన్ని గౌరవిస్తూనే ఒక్క భిన్నాభిప్రాయం చెబుతాను. కాగితం మీద అన్నిటికన్నా ఎక్కువ సైజులు పెంచే పద్ధతి అందరికీ మంచి పద్ధతి కాదు. మాసిక వేసే ప్రతి కుట్టూ గుండెను ఆపి ఉంచే సమయాన్ని పెంచుతుంది. రెండవసారి ఆపరేషన్‌లో ఛాతీ ఎముక వెనుక గుండె అతుక్కుపోయి ఉండవచ్చు, అప్పుడు దాన్ని విడదీయడానికే చాలా సమయం పడుతుంది. పాత మెకానికల్ వాల్వును తీసేటప్పుడు వలయం చిరగవచ్చు. వెనుక వైపు మాసిక దగ్గర రక్తం కారితే గుండె తిరిగి కొట్టుకోవడం మొదలయ్యాక అక్కడికి చేయి దూర్చి కుట్టడం ఎంత కష్టమో పక్కన నిలబడి చూసేవారికి తెలుసు. ఏడాదికి ఎన్నో నిక్స్ ఆపరేషన్లు చేసే శస్త్రవైద్యుడు చేతికి అలవాటైన పద్ధతిలో 21 పెట్టడం, వీడియో చూసి నేర్చుకున్నవారు 25 పెట్టడం కన్నా క్షేమమని నేనంటాను.

మీరు అడగవలసిన ఒక ప్రశ్న ఏమిటంటే, సీటీలో ఛాతీ ఎముకకూ గుండెకూ మధ్య ఎంత ఖాళీ ఉంది, అవసరమైతే ఎముక కోయకముందే తొడ రక్తనాళాల గుండా నన్ను, అంటే యంత్రాన్ని, కలుపుతారా అని.

డెట్రాయిట్_తెలుగు:
అలవాటున్న చేయి కావాలన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ 36 ఏళ్ల మనిషికి 21 పెడితే, ఆ అమ్మాయి 55 ఏళ్లప్పుడు మళ్లీ ఇక్కడే ఇదే ప్రశ్న అడగవలసి రావచ్చు.

శస్త్రవైద్యుడు_విశాఖ:
మీ ఇద్దరి మాటల్లోనూ న్యాయముంది, అయితే ఒక విషయం మరువకూడదు. ఎకోలోని సంఖ్య మెరుగుపడటం, మనిషి మెరుగుపడటం ఒక్కటి కావు. ఇరుకైన వలయం ఉన్న 716 మందిలో రెండు రకాల టావీ వాల్వులను పోల్చిన స్మార్ట్ అధ్యయనం 2024లో వచ్చింది. దానంతటదే విచ్చుకునే వాల్వు పెట్టినవారిలో ఏడాది తిరిగేసరికి వాల్వు పనితీరు లోపం 9.4 శాతం, బెలూన్‌తో విప్పే వాల్వులో 41.6 శాతం. కానీ మరణం, పక్షవాతం, గుండె వైఫల్యంతో మళ్లీ ఆసుపత్రిలో చేరడం కలిపి చూస్తే ఆ ఏడాదిలో ఇరువర్గాలకూ పెద్ద తేడా లేదు. ఎనభైకి చేరువైనవారికి ఆ ఏడాది లెక్క చాలా వరకు సరిపోతుంది. మీ చెల్లెలి వయసుకు దానిని అన్వయించలేము, దశాబ్దాల పాటు అధిక పీడనానికి తోస్తూ జఠరిక గోడ దళసరి కావడమే అక్కడ ప్రశ్న. అందుకే ఆమెకు వెడల్పు చేయాలంటాను. ఆయాసం లేని, జఠరిక మామూలుగా ఉన్న మధ్యస్థం వారికి ఆ సంఖ్య ఒక్కటీ చూసి మళ్లీ కత్తి పట్టను.

పాలమూరు_అమ్మ:
మా బాబుకు తొమ్మిదేళ్లు. మూడేళ్ల వయసులో మైట్రల్ స్థానంలో వాల్వు పెట్టారు. పిల్లవాడు ఎదుగుతున్నాడు, వాల్వు ఎదగదు కదా. వాడికి కూడా ఇవే హద్దులా? ఇవే ఆపరేషన్లా?

శస్త్రవైద్యుడు_విశాఖ:
కాదమ్మా. మైట్రల్‌కు హద్దులు వేరు, 1.2 కంటే తక్కువైతే మధ్యస్థం, 0.9 కంటే తక్కువైతే తీవ్రం. మైట్రల్ వలయాన్ని బృహద్ధమనిలా మాసిక వేసి వెడల్పు చేయడం అంత సులువు కాదు, కానీ పిల్లల్లో ఆ వలయం కొంత ఎదుగుతుంది కాబట్టి రెండవసారి సాధారణంగా పెద్ద సైజు పడుతుంది. పడకపోతే కొంత పైకి, కర్ణిక వైపు అమర్చే పద్ధతి ఉంది. ఊపిరితిత్తుల పీడనం ఎంతుందో ప్రతి ఎకోలో అడిగి రాయించుకోండి, ఎప్పుడు మార్చాలన్నది చాలావరకు అదే చెబుతుంది.

గోదావరి_గట్టు:
పరీక్షలయ్యాయి. ఫ్లోరోస్కోపీలో రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకుంటున్నాయి. సీటీలో గడ్డ లేదు గానీ, వాల్వుకు దిగువన, జఠరిక వైపు, దాదాపు సగం చుట్టూ పానస్ పెరిగి ఉందన్నారు. ఛాతీ ఎముకకు కుడి జఠరిక దగ్గరగా ఉంది గానీ అతుక్కోలేదన్నారు. ఇనుము సూదిమందు ఇచ్చాక హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది, గ్రేడియంట్ 38కి దిగింది. ఆయాసం కొంచెం తగ్గింది, పోలేదు. రెండవ ఆసుపత్రి శస్త్రవైద్యుడు మనూగియన్ పద్ధతి తనకు అలవాటని, 23 పడుతుందని, పడకపోతే 21 తప్పక పడుతుందని చెప్పారు. మెకానికల్ మళ్లీ పెట్టాలా, టిష్యూ పెట్టాలా అన్నది మమ్మల్నే తేల్చుకోమన్నారు. రాస్ ఆపరేషన్ గురించి కూడా మా మేనల్లుడు ఎక్కడో చదివి అడుగుతున్నాడు.

శస్త్రవైద్యుడు_విశాఖ:
రెక్కలు తెరుచుకుంటున్నాయి, గడ్డ లేదు, కాబట్టి గడ్డ కరిగించే మందుతో పని లేదు. పానస్ మందులకు కరగదు. శస్త్రచికిత్స తప్పదు, తీసిన ఆ చోటునే వెడల్పు కూడా చేయడం ఆమెకు తగిన దారి.

రాస్ ఆపరేషన్‌లో రోగి సొంత పుపుస వాల్వును తీసి బృహద్ధమని స్థానంలో పెడతారు. డొనాల్డ్ రాస్ 1967లో మొదలుపెట్టిన ఆ పద్ధతి యువతకు ఎంతో మంచిదే గానీ, కీళ్లవాతపు జ్వరం వచ్చినవారిలో మార్చి పెట్టిన ఆ వాల్వును కూడా అదే జబ్బు పట్టవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తమ అనుభవం నుంచి చాలాకాలం కిందటే హెచ్చరించారు. రెండవసారి ఆపరేషన్‌లో, అందులోనూ మెకానికల్ వాల్వు తీసిన చోట, నేను దానిని సూచించను.

ఇక మెకానికలా, టిష్యూనా అన్నది. పిల్లలు ఇక వద్దనుకున్నారు, పంతొమ్మిదేళ్లుగా అసిట్రోమ్‌కు అలవాటు పడ్డారు. రక్తం ఎంత పలుచనగా ఉందో చెప్పే ఆమె ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య నిలకడగా ఉంటూ వచ్చిందా? వచ్చి ఉంటే 23 మెకానికల్ పెట్టించుకుంటే మూడవ ఆపరేషన్ అవసరం రాకపోవచ్చు. నెలసరి రక్తస్రావంతో తరచుగా ఇబ్బంది పడుతూ, ఐఎన్‌ఆర్ ఎగుడుదిగుడుగా ఉంటే 23 టిష్యూ పెట్టించి, అది అరిగాక లోపల టావీకి చోటుండేలా చూసుకోవచ్చు. 21 మాత్రమే పడితే టిష్యూ వైపు నేను మొగ్గను. కాబట్టి ఈ నిర్ణయాన్ని 23 పడితే ఒకటి, 21 పడితే ఒకటి అని రెండుగా ముందే రాసి ఇవ్వండి, ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు బయట కూర్చున్న మిమ్మల్ని పిలిచి అడిగే పరిస్థితి రాకుండా.

సింహపురి_సీమ:
ఖర్చు సంగతి కూడా ముందే కనుక్కోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వాల్వు మార్పిడికి అనుమతి వస్తుంది గానీ, రెండవసారి ఆపరేషన్ అని, మొదలు వెడల్పు చేస్తున్నారని అభ్యర్థనలో స్పష్టంగా రాయించమని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. తరువాత సవరణలంటే ఆలస్యం.

గోదావరి_గట్టు:
ఐఎన్‌ఆర్ పుస్తకం చూశాము, గర్భం దాల్చిన కాలం తప్ప మిగతా అంతా నిలకడగానే ఉంది. 23 పడితే మెకానికల్, 21 పడినా మెకానికలే అని చెల్లెలు తానే నిర్ణయించుకుంది. డాక్టరు గారు, రెండవ సందర్భంలో ఆమె నిర్ణయం మీ మాటకు దగ్గరగానే ఉందనుకుంటాను.

శస్త్రవైద్యుడు_విశాఖ:
ఉంది. 21 అయినా, వెడల్పు చేసిన చోట తరువాతి తరం వాల్వు పెడితే, 1.65 వైశాల్యానికి 0.85 దాటాలంటే 1.4 చదరపు సెం.మీ. పైన దారి కావాలి. ఆ తయారీదారు తమ 21కి ఇచ్చే సాధారణ వైశాల్యం ఎంతో ముందే అడిగి, శస్త్రవైద్యునితో కలిసి లెక్క చూసుకోండి.

ఎకో_గది:
ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలకూ మూడు నెలలకూ మధ్య, హిమోగ్లోబిన్ కుదుటపడ్డాక, ఒక ఎకో తీయించండి. అందులో సగటు గ్రేడియంట్, వైశాల్యం, డీవీఐ, ఆ రోజు ఎత్తు, బరువు, బీపీ అన్నీ రాయమనండి. వాల్వు పేరు, సైజు, వరుస సంఖ్య ఉన్న కార్డును ఆ రిపోర్టుతో కలిపి ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.